మా పెద్దమ్మ ఇంట్లో టపుల్ నిలవదు

దేశంలో సమస్యలకేం కొదవలేదు గానీ, కంప్యూటర్‌కి పని చెప్పే పైథాన్ భాషలో పేర్లూ గట్రా వరసగా దాచుకోడానికి లిస్ట్ ఉండగా మళ్ళీ అదే పనికి టపుల్ ఎందుకు అన్నదాని మీద ఇంతవరకు ఏ అసెంబ్లీలోనూ చర్చ జరగకపోవడం నన్ను బాగా కలచివేసింది, అందుకే ఆ భారం నేనే నెత్తినేసుకున్నా.

మొన్న ఆదివారం చెల్లి పెళ్ళి పనులని కూకట్‌పల్లిలో మా పెద్దమ్మ వాళ్ళింటికెళ్తే, "ఒరే, నీకు అన్నం పెట్టేది అదేగా, వీడిక్కూడా కాస్త చెప్పరా" అని తమ్ముణ్ణి నా ముందు కూర్చోబెట్టింది. వాడు బీకామ్ అయ్యాక అమీర్‌పేట్‌లో పైథాన్ నేర్చుకుంటున్నాడు. "అన్నా, పెళ్ళి లిస్టే ప్రాక్టీస్‌కి పెట్టుకున్నా" అన్నాడు.

నోరు తెరవబోతే శాస్త్రం అడ్డమొచ్చింది. పైథాన్‌ని పుట్టించిన గీడో వాన్ రోసమ్ సోమ, బుధ, శుక్రవారాల్లో టపుల్‌ని టూపుల్ అంటాడట, మంగళ, గురు, శనివారాల్లో టబ్‌పుల్ అంటాడట, ఆదివారం మాత్రం దాని ఊసే ఎత్తడట. ఆయన సరదాకే అన్నాడనుకోండి, కానీ వర్జ్యం చూసుకునేది మనమే అనుకున్నా ఇన్నాళ్ళూ. సరే, దోషమేదైనా ఉంటే నాకే తగలనీ అని మొదలెట్టా.

లిస్ట్ అంటే చదరపు బ్రాకెట్లు, ఎప్పుడు కావాలంటే అప్పుడు అపెండ్ కొట్టి చివర కలపొచ్చు, తీసెయ్యొచ్చు, టపుల్ అంటే గుండ్రటి బ్రాకెట్లు, ఒకసారి రాశాక మార్చబోతే టైప్ ఎర్రర్ అని తిడుతుంది. "అచ్చైపోయిన శుభలేఖ అన్నమాట" అన్నాడు. తెలివైనోడే. కానీ మన జాతికి టపుల్ తలకెక్కదు, ఎక్కడ చూశాం గనక? బంతి భోజనాల టైమా, ఇదే ఆఖరి ఇడ్లీ అన్న మాటా, ఏది మారకుండా ఉంది మన దగ్గర?

మగపెళ్ళివారికి పంపడానికి కాపీ తీశానన్నాడు, చూస్తే, అసలు లిస్ట్ పేరు మనవాళ్ళు, కాపీ = మనవాళ్ళు అని రాశాడు. అందులోంచి నాన్న అప్పులవాళ్ళని తీసేస్తే అసల్లోంచి కూడా ఎగిరిపోయారు. ఒరే, ఈక్వల్ పెడితే కాపీ కాదురా, ఒకే మనిషికి రెండు పేర్లు, ఇంట్లో బుజ్జి, ఆఫీసులో వెంకటేశ్వరరావు, బుజ్జికి గుండు చేయిస్తే వెంకటేశ్వరరావు క్రాపు దువ్వుకుని ఆఫీసుకెళ్తాడా? డాట్ కాపీ అనాలి. తర్వాత పేర్లు సార్ట్ చేసి వేరే దాంట్లో దాచుకున్నాడు, ప్రింట్ కొడితే నన్ అని, అంటే ఏమీ లేదని వచ్చింది. సార్ట్ ఉన్నచోటే సర్దేసి ఉత్త చేతుల్తో తిరిగొస్తుంది, అచ్చం మా పెదనాన్నే, చేసిన పని చెప్పడు.

అసలు గొడవ మావయ్యతో వచ్చింది. ఆయన అలుగుతాడు, పేరు ఎవడూ తీసెయ్యకుండా టపుల్‌లో పెడదామని ("మావయ్య") అని రాసి, ఒక్కో పేరు ఒక్కో లైన్‌లో రావాలని, లోపలున్నవాటిని ఒక్కొక్కటిగా బయటికి తీసే ఫర్ లూప్ తిప్పాడు. మ ఒక లైను, దీర్ఘం ఒక లైను, వ, య, పొల్లు, మళ్ళీ య. మొత్తం ఆరు. పొల్లుక్కూడా విస్తరెయ్యాలి! ఈ లెక్క క్యాటరింగ్ వాడికి వెళ్ళుంటే ఏమయ్యేదో. బ్రాకెట్లు పెడితే టపుల్ అవదురా, అది ఉత్త మాటే, అందుకే ముక్కలు చేసి తీసింది, కామా పెడితే అవుతుంది, ఒక్కడే అయినా ("మావయ్య",) అని తోక తగిలించాలి అని చెప్పా. "మావయ్య తిండికి ఆరే కరెక్టేమో అన్నా" అన్నాడు.

చివరికి శుభలేఖ అని ఒక టపుల్ కట్టాం, మొదట తేదీ, తర్వాత హాలు, మూడోది పేర్ల లిస్ట్. లెక్క సున్నా నుంచి కాబట్టి పేర్లు రెండో నంబర్లో ఉంటాయి. ఇంతలో వంటింట్లోంచి "పక్కింటివాళ్ళని మర్చిపోకండ్రా" అని కేక. వాడు పేర్లకి కలపమని శుభలేఖ[2] += ["పక్కింటివాళ్ళు"] అని కొట్టాడు, ఎర్రగా టైప్ ఎర్రర్ వచ్చింది. "కుదరదు పెద్దమ్మా, ఫైనల్ అయిపోయింది" అని నేనిక్కణ్ణుంచి గర్వంగా అరిచా.

వాడు ఎందుకైనా మంచిదని ప్రింట్ కొట్టాడు. లిస్ట్ చివర పక్కింటివాళ్ళు దర్జాగా కూర్చునున్నారు. లోపలి లిస్టులో ముందు కలిపేసి, ఆ తర్వాత టపుల్‌లో తిరిగి పెట్టబోయేటప్పుడు గానీ పైథాన్‌కి రూలు గుర్తురాలేదు.

"తప్పని తిట్టి మరీ చేర్చుకుందేంటన్నా?"

నేను జవాబు వెతుక్కునేలోపే వంటింట్లోంచి మళ్ళీ, "వాళ్ళ అల్లుడు కూడా ఊళ్ళోనే ఉన్నాడ్రా".