మఠంలో నెల రోజుల విందు అన్న మెసేజీకి నా జవాబు

రెండు వారాలుగా గుంటూరులో మా గ్రూపులన్నింట్లో ఒకే మెసేజీ తిరుగుతోంది. అపార్ట్‌మెంటు గ్రూపులో వచ్చింది, పాత స్నేహితుల గ్రూపులో వచ్చింది, చివరికి మా విచారణ (మా చర్చి పరిధిలోని కుటుంబాలు) గ్రూపులోకీ వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "మఠాల్లో క్రిస్మస్ అంటే నెల రోజుల విందు. డిసెంబరు 1 నుంచే స్టార్లు, కేకులు, డ్యాన్సులు. ఉపవాసం లేదు, నియమం లేదు. పశువుల పాక ఈమధ్య షాపులవాళ్ళు తెచ్చిన షోకు. 25 రాత్రికి అన్నీ సర్దేసి తలుపులేసుకుంటారు."

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా నేను కతోలిక సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఇప్పటికీ ఏటా యేసు పుట్టిన చోటుకు గుర్తుగా పశువుల పాక కట్టడానికి ఆ మఠానికి వెళ్తాను. అందుకే చూసీ చూడనట్టు ఊరుకోలేకపోతున్నాను.

కేకులు, డ్యాన్సుల మాట పూర్తిగా అబద్ధం కాదు. మన ఊళ్ళో కాన్వెంటు అంటే ఇంగ్లీషు మీడియం బడి అనే అర్థం. పండక్కి పిల్లలకు సెలవులిచ్చేస్తారు గనక బడిలో ముందే సెమీ క్రిస్మస్ చేస్తారు. తెల్లగడ్డం తాత వస్తాడు, మైకులో పాటలు మోగుతాయి, తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుంటారు. మెసేజీ రాసినవారు చూసింది అదే అయ్యుంటుంది. సిస్టర్లు ఉండే ఇల్లు ఆ బడి వెనక ఉంటుంది. మఠం అంటే అది. స్టేజీ విప్పేశాక సాయంత్రం వాళ్ళు గుళ్ళోకి వెళ్ళి కూర్చునేసరికి అక్కడ ఇంకా క్రిస్మస్ రాలేదు. అక్కడ నడుస్తున్నది ఆగమన కాలం.

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు పట్టే కాలం అది. పూజలో గురువు, అంటే ఫాదర్ గారు, ఊదా వస్త్రం వేసుకుంటారు. ఆదివారం పూజల్లో మామూలుగా పాడే మహిమ గీతాన్ని ఆపేస్తారు. డిసెంబరు 8న మరియమ్మకు చేసే నిష్కళంకమాత పండగలాంటివి వస్తే తప్ప ఆ పాట వినపడదు. యేసు పుట్టిన రాత్రి దేవదూతలు పాడిన మాటలతో మొదలయ్యే పాట గనక దాన్ని క్రిస్మస్ రాత్రికే దాచిపెడతారు. పచ్చని ఆకుల చక్రంలో నాలుగు కొవ్వొత్తులు నిలబెడతారు. మూడు ఊదావి, ఒకటి గులాబి. వారానికి ఒకటి చొప్పున వెలిగిస్తూ పోతారు. నెల రోజులు విందు చేసుకునేవాళ్ళు పాటను ఎందుకు దాచుకుంటారు?

డిసెంబరు 17 వచ్చిందంటే సాయంకాల ప్రార్థన మారుతుంది. మరియమ్మ స్తుతిగీతానికి ముందు, రాబోయే యేసును రోజుకొక పేరుతో పిలుస్తూ పాడతారు: ఓ జ్ఞానమా, ఓ ప్రభువా, ఓ యెష్షయి వేరా, ఓ దావీదు తాళపుచెవీ, ఓ ఉదయకిరణమా, ఓ జనముల రాజా, ఓ ఇమ్మానుయేలూ. 23 దాకా ఏడు రోజులు, ఏడు పిలుపులు. లాటినులో ఈ ఏడు పేర్ల మొదటి అక్షరాలను చివరి నుంచి మొదటికి చదివితే 'ఎరో క్రాస్' అని వస్తుంది. రేపు ఉంటాను అని దానర్థం. హాస్టల్లో ఒక సిస్టర్ గారు నల్లబల్ల మీద ఆ అక్షరాలు రాసి చూపించిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇక ఉపవాసం. ఆగమన కాలంలో ఉపవాసం ఉండితీరాలని లాటిను సభలో, అంటే మన దగ్గర ఎక్కువమంది కతోలికులు ఉండే శాఖలో, ఈనాడు చట్టమేమీ లేదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ 567లోనే ఫ్రాన్సులోని తూర్‌లో జరిగిన బిషప్పుల సమావేశం మఠవాసులకు డిసెంబరు మొదలు క్రిస్మస్ దాకా ఉపవాసం విధించింది. అలాంటి అలవాటు ఇవాళ్టికీ మా మఠం వంటింట్లో కనిపిస్తుంది. అక్కడ కేరళ నుంచి వచ్చిన సిస్టర్లు ఇద్దరున్నారు. సీరో మలబారు అనే కేరళ కతోలిక శాఖ ఇళ్ళల్లో పుట్టిపెరిగినవాళ్ళు. వాళ్ళకు పండగ ముందు 25 రోజుల నోము ఉంటుంది, డిసెంబరు 1 నుంచి మాంసం, చేపలు ముట్టరు. పోయినసారి నేను వెళ్ళిన రోజు మధ్యాహ్నం గోంగూర పప్పు, మజ్జిగ. అంతే. నెల రోజుల విందట!

పశువుల పాకను షాపులవాళ్ళు తేలేదు. 1223లో క్రిస్మస్ రాత్రి ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో అస్సీసి ఊరి సన్యాసి ఫ్రాన్సిస్ గారు తొట్టిలో గడ్డి వేసి, ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి పూజ చేయించారు. అది జరిగి 800 ఏళ్ళు దాటింది. మా మఠంలో పాకకు గడ్డి తెనాలి వైపు నుంచి వస్తుంది, అప్పుడే కోతలైన కొత్త గడ్డి. పది రోజుల ముందు మూకుళ్ళలో రాగులు చల్లి మొలకెత్తిస్తాం, అదే పాక ముందు పచ్చిక. తొట్టి మాత్రం ఖాళీగా ఉంటుంది. ఎవరైనా ఒక మంచి పని చేస్తే, ఒక ఇష్టాన్ని వదులుకుంటే, ఎవరికీ చెప్పకుండా వచ్చి అందులో ఒక గడ్డిపరక వేసి పోతారు. బాలయేసు బొమ్మ ఏదని చిన్నప్పుడు నేను అడిగితే, "ఇంకా పుట్టలేదు కదమ్మా" అన్నారు మదర్ గారు. 24 అర్ధరాత్రి పూజలో బొమ్మను తెచ్చి ఆ పరకల మీద పడుకోబెడతారు. అప్పుడు మహిమ గీతం అందుకుంటారు, గంటలన్నీ ఒక్కసారి మోగుతాయి. కేకు కోసేది ఆ తర్వాతే, వేడి కాఫీతో.

25 రాత్రికి సర్దేయడం అన్నమాట మరీ అన్యాయం. మఠంలో పండగ మొదలయ్యేదే ఆ రోజు. ఎనిమిది రోజులు దాన్ని ఒకే పండగగా జరుపుతారు, జనవరి 1న దేవమాత పండగతో అవి ముగుస్తాయి. తర్వాత బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల పండగ, ఆపైన క్రీస్తు జ్ఞానస్నాన పండగ. అందాకా పాక విప్పరు. మా వీధిలో పిల్లలు భోగి పిడకలు దండలు గుచ్చుకునే వేళకు సిస్టర్లు బొమ్మలను గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెడుతుంటారు. తొట్టిలో గడ్డి ఎదురింటి గేదెకు పోతుంది.