‘తుడవలేదు’ అనే ఒక్క మాట

కాలేజీ రోజుల్లో ఖాకీ యూనిఫాం వేసుకుని ఒక ఫైరింగ్ క్యాంపుకి వెళ్లాను. బోర్లా పడుకుని, పాయింట్ టూటూ రైఫిల్ భుజానికి ఆనించి ఐదు రౌండ్లు కాల్చాలి. రెండో రౌండు పేలాక బోల్టు వెనక్కి లాగితే ఖాళీ ఖోఖా, అంటే తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టం, బయటికి రాలేదు. చెయ్యెత్తాను. శిక్షణ ఇచ్చే ఉస్తాద్ వచ్చి, బ్యారెల్ ముందు నుంచి క్లీనింగ్ రాడ్ దూర్చి ఒక్క పోటు పొడిస్తే ఆ ఇత్తడి ముక్క టక్కున ఊడిపడింది. తర్వాత నా వైపు తిరిగి, రైఫిల్ తుడవడం కూడా రాదా అని హిందీలో నాలుగు తగిలించాడు. ముందురోజు సాయంత్రం పుల్‌త్రూ అనే తుడిచే తాడుకి చిందీ కట్టి, ఆ గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా ఆ బ్యారెల్‌ని లాగి లాగి తుడిచింది నేనే. ఎదురు చెప్పలేదు. అక్కడెవరూ ఎదురు చెప్పరు. అదే రైఫిల్ మరుసటి రోజు ఇంకో ఇద్దరి చేతుల్లోనూ అలాగే ఆగిపోయింది. ఖోఖాని పట్టి లాగే చిన్న కొక్కెం అరిగిపోయిందని అప్పుడు తేలింది.

నాకు పోయింది మూడు మార్కులు. యుద్ధంలో ఉన్నవాడికి పోయేది వేరే. అయినా అతనికి వచ్చే జవాబు మాత్రం ఇదే. రైఫిల్ ఆగిపోయిందని ఏ దేశంలో సైనికుడు మొర పెట్టుకున్నా, తయారు చేసినవాళ్ల నోట మొదట వచ్చే మాట ‘నువ్వు తుడవలేదు’. తుడవకపోతే తుపాకీ పని చేయదన్నది నిజమే, అందుకే ఆ మాట అంత తేలిగ్గా చెల్లుబాటవుతుంది. నిజంగా తుడవలేదా, తయారీలోనే లోపం ఉందా అని తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు ప్రశ్న. మన దేశంలో చాలాకాలం ఆ అధికారం రైఫిల్ తయారు చేసినవాళ్ల ఇంట్లోనే ఉంది.

మన సైన్యం కోసం ఇక్కడే తయారైన ఇన్సాస్ రైఫిల్ సంగతి చూద్దాం. పుణెలోని డీఆర్‌డీవో (రక్షణ పరిశోధన సంస్థ) ప్రయోగశాల డిజైన్ చేసింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపుర్ ఫ్యాక్టరీతో పాటు తిరుచిరాపల్లి, కాన్పూర్ ఫ్యాక్టరీల్లో తయారైంది. ఆలస్యం ఎంతయిందంటే, అది చేతికొచ్చేలోపు 1990ల మొదట్లో తూర్పు యూరప్ నుంచి ఏకే రైఫిళ్లు కొనుక్కోవాల్సి వచ్చింది. తీరా వచ్చాక మొదటి పెద్ద పరీక్ష 1999లో కార్గిల్. ఆ చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి. లోపల ఎన్ని తూటాలు మిగిలాయో బయటికి కనిపించేలా సగం పారదర్శకంగా చేసిన మ్యాగజైన్ అది. చూడ్డానికి మంచి ఆలోచనే, కొండ మీద చలికి మాత్రం నిలవలేదు. ఒక్కసారి నొక్కితే మూడే తూటాలు పేలాల్సిన ‘బర్స్ట్’లో పెడితే ఆగకుండా కాల్చేస్తోందని, కాలుస్తుంటే నూనె కళ్లలోకి చిమ్ముతోందని కూడా ఫిర్యాదులొచ్చాయి. తర్వాత కొన్ని మార్పులు చేశారు. గురి విషయంలో ఇన్సాస్ మంచి రైఫిలేనని చెప్పే జవాన్లు లేకపోలేదు, అదీ ఒప్పుకోవాలి.

ఆ రైఫిల్‌నే మనం నేపాల్‌కి భారీ రాయితీ మీద ఇచ్చాం. 2005 ఆగస్టులో కాలికోట్ జిల్లా పిలిలో మావోయిస్టులు సైనిక శిబిరం మీద పడి 43 మంది సైనికులను చంపేశారు. గంటల తరబడి సాగిన ఆ కాల్పుల్లో ఇన్సాస్‌లు సరిగా పనిచేయలేదని రాయల్ నేపాల్ ఆర్మీ బహిరంగంగానే చెప్పింది. మన వైపు నుంచి వచ్చిన జవాబు ఊహించడం కష్టం కాదు: వాడే తీరులో తేడా ఉండొచ్చు, కావాలంటే నిపుణులను పంపిస్తాం. అంతసేపు ఎడతెగకుండా కాలిస్తే ఏ రైఫిలైనా వేడెక్కుతుందన్న వాదన కొట్టిపారేసేది కాదు. కానీ అలాంటి రాత్రి కోసమే కదా రైఫిల్ కొనేది!

ఇక్కడ అమెరికాను చూడాలి. వియత్నాంలో 1966, 67ల్లో ఎం16 రైఫిళ్లు వరుసగా మొరాయించాయి. కాల్చిన ఖోఖా చాంబర్‌లోనే, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటే, ఇరుక్కుపోయేది. సైనికులు నా ఉస్తాద్ చేసినట్టే ముందు నుంచి రాడ్ పెట్టి పొడుచుకునేవాళ్లు, ఎదురుగా శత్రువు ఉండగా. అక్కడా ముందు విన్నది ‘తుడవలేదు’ అనే. చిత్రమేమిటంటే, ఆ రైఫిల్‌కి పెద్దగా తుడుపు అక్కర్లేదని వాళ్లకి చెప్పిందీ పైవాళ్లే, తుడిచే సామగ్రి సరిపడా పంపనిదీ పైవాళ్లే. అయితే కుర్రాళ్లు ఇళ్లకు ఉత్తరాలు రాశారు, తల్లిదండ్రులు తమ కాంగ్రెస్ సభ్యులను పట్టుకున్నారు. 1967లో ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ జరిపి, తూటాలో మందుపొడి మార్చడం దగ్గర్నుంచి అన్నీ బయటికి లాగింది. సైన్యం ఈ వ్యవహారాన్ని నడిపిన తీరు నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని రాసింది. చాంబర్‌కి క్రోమ్ పూత వచ్చింది, క్లీనింగ్ కిట్లు వచ్చాయి. ఆ రైఫిల్ వంశం ఇప్పటికీ నడుస్తోంది.

బ్రిటన్‌కి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. వాళ్ల ఎస్ఏ80 రైఫిల్ 1991 గల్ఫ్ యుద్ధంలో ఇసుకకి ఆగిపోయింది. ఏళ్ల తరబడి సర్దిచెప్పి, చివరికి 2000లో హెక్లర్ అండ్ కాక్ కంపెనీకి అప్పగించి, సుమారు 2 లక్షల రైఫిళ్లను 9.2 కోట్ల పౌండ్లు పెట్టి లోపలి భాగాలు మార్పించారు. ఆ తర్వాత 2002లో అఫ్గానిస్తాన్‌లో మెరైన్లు మళ్లీ ఫిర్యాదు చేస్తే, మళ్లీ తుడిచే పద్ధతి మీదకే మాట మళ్లింది. పాత అలవాటు అంత తొందరగా పోదు. అయినా ఒక పని మాత్రం జరిగింది. మా రైఫిల్ బాగోలేదు అని ఒప్పుకుని, డబ్బు పెట్టి, ఉన్నదాన్నే బాగు చేసుకున్నారు.

ప్రైవేటు కంపెనీ అయితే బాధ్యత ఎక్కువ ఉంటుందనుకునేవాళ్లు అమెరికాలో అమ్మే వేట రైఫిల్ రెమింగ్టన్ 700 కథ చూడాలి. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతోందని దశాబ్దాల పాటు ఫిర్యాదులు, కోర్టు కేసులు. లోపమేమీ లేదు, వాడేవాళ్లు సరిగా చూసుకోవడం లేదు అనే కంపెనీ వాదించింది. 2014లో కొత్త ట్రిగ్గర్ ఉన్న రైఫిళ్లను వెనక్కి పిలిచింది. పాతవాటి విషయంలో కోర్టు రాజీ తర్వాత గానీ ట్రిగ్గర్లు మార్చి ఇవ్వడానికి దిగలేదు. అప్పుడూ లోపం ఉందని ఒప్పుకోలేదు. అమెరికాలో పిల్లల బొమ్మ తుపాకీలో లోపముంటే ప్రభుత్వ సంస్థ వెనక్కి రప్పించగలదు. అసలు తుపాకీ జోలికి మాత్రం వెళ్లలేదు, వినియోగదారుల భద్రతా చట్టం 1972లోనే దాన్ని మినహాయించింది.

మన దగ్గర పరిస్థితి ఇంకోలా ఉంది. ఇన్సాస్‌ని డిజైన్ చేసిన డీఆర్‌డీవో, తయారు చేసిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల బోర్డు, నాణ్యత చూసి ముద్ర వేసే డీజీక్యూఏ, మూడూ రక్షణ మంత్రిత్వ శాఖ గొడుగు కిందే. ఫిర్యాదు వస్తే డిజైన్ వాళ్లు తయారీ మీదకి, తయారీ వాళ్లు డిజైన్ మీదకి, ఇద్దరూ కలిసి జవాన్ మీదకి తోసేయొచ్చు. ఒక్క రైఫిళ్ల దగ్గరే కాదు. ఫ్యాక్టరీల మందుగుండు నాసిగా ఉండటం వల్ల ప్రమాదాలు జరిగి మనుషులు చనిపోతున్నారని సైన్యమే లెక్కలు తీసినప్పుడు కూడా, ఫిరంగుల నిర్వహణ సరిగా లేకపోవచ్చు, కాల్చే పద్ధతిలో పొరపాటు ఉండొచ్చు అనే బోర్డు జవాబిచ్చింది. 2021 అక్టోబర్ 1న ఆ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలు చేశారు. చిన్న ఆయుధాలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న కంపెనీకి వెళ్లాయి. బోర్డు మారింది, యజమాని ప్రభుత్వమే.

ఈ మధ్యలో ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. మన మావోయిస్టు ప్రాంతాల్లో గ్రేహౌండ్స్ ఏకే47 మీదే ఆధారపడింది. మన జిల్లాల నుంచి ఎంతోమంది పిల్లలు చేరే సీఆర్‌పీఎఫ్ మాత్రం ఇన్సాస్‌తోనే బస్తర్ అడవుల్లో తిరిగింది. 2014 చివర్లో దాని డైరెక్టర్ జనరలే ఇవి మార్చి ఏకేలు ఇవ్వమని అడగాల్సి వచ్చింది. ఆర్మీ 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్లు అమెరికన్ కంపెనీ దగ్గర కొంది, 2024 ఆగస్టులో రూ.837 కోట్లతో ఇంకో 73,000కి సంతకం చేసింది. అమేఠీ దగ్గర కోర్వాలో రష్యాతో కలిసి 6 లక్షలకు పైగా ఏకే203లు తయారు చేసే ఒప్పందం 2021లో కుదిరింది.

ఇవి మంచి రైఫిళ్లే కావచ్చు. కానీ పాతదాని లోపం ఎక్కడుందో బయటపెట్టి తేల్చకుండా కొత్తది కొనడం మనకి అలవాటైపోయింది. ఇంట్లో కుళాయి కారుతుంటే ప్లంబర్‌ని పిలవకుండా ఇల్లు మారినట్టు. రేపు కోర్వా రైఫిల్‌లో ఒక స్ప్రింగు తేడా చేసిందనుకోండి. సుక్మాలోనో సియాచిన్‌లోనో ఉన్న కుర్రాడి మాట ఎక్కడిదాకా వెళ్తుంది? ప్రతి రైఫిల్‌కీ ఒక నంబర్ ఉంది, దాన్ని రిపేర్ చేసే ఆర్మరర్ ఉన్నాడు. ఏ నంబర్ ఎన్నిసార్లు ఆగింది, ఏ భాగం మార్చారు అన్న లెక్క తయారీ శాఖకు సంబంధం లేని ఒకరి చేతికి వెళ్లాలి, ఏడాదికోసారి పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకు రావాలి. రహస్యం అంటారేమో. శత్రువుకి చిక్కిన రైఫిల్ లోపం శత్రువుకి ఎటూ తెలుస్తుంది, తెలియనిది మనకే.

మా క్యాంపు ముగిసిన సాయంత్రం ఆ రైఫిల్‌ని ఇంకోసారి తుడిచి, నూనె రాసి, కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, జమ చేశాం. కొక్కెం మార్చలేదు. రిజిస్టర్ రాస్తున్నాయన బట్ నంబర్ చదివి, దాని పక్కన ‘సర్వీసబుల్’, అంటే పనికొస్తుంది, అని రాసి, తర్వాతి రైఫిల్ తెమ్మన్నాడు.