టైరు మీది అంకె చూడని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎందుకు?

మిర్చి సీజన్ వచ్చిందంటే నరసరావుపేట, సత్తెనపల్లి వైపు నుంచి గుంటూరు యార్డుకు పికప్ బళ్లు బారులు తీరతాయి. వాటిలో ఎన్నింటికి ఆ బరువు మోయగల టైర్లున్నాయో అడిగే నాథుడు లేడు. తనిఖీలో కాటా చూస్తారు, కాగితాలు చూస్తారు. టైరు మీది అంకె చూడరు.

సైజు పక్కనే ఉండే ఆ అంకే లోడ్ ఇండెక్స్. 108 ఉంటే ఆ టైరు మోసేది గరిష్ఠంగా 1,000 కిలోలు. 100 ఉంటే 800 కిలోలే. అదీ సరిపడా గాలి ఉంటేనే. 108 ఉండాల్సిన బండికి రిమ్ము సరిపోయింది కదా అని 100 అంకె ఉన్న కారు టైర్లు బిగిస్తే వెనక ఇరుసు దగ్గరే 400 కిలోల సత్తువ పోయినట్టు. దాదాపు పది టిక్కీల (బస్తాల) మిర్చి బరువది! నిలబెట్టిన బండిలో తేడా కనిపించదు. మే ఎండలో హైవే ఎక్కాక బయటపడుతుంది. బరువుకు టైరు పక్కలు అదేపనిగా నలిగి, వేడెక్కి, పొరలు విడిపోయి పేలుతుంది. అదుపు తప్పిన బండి కింద పడేది బైకు మీద పోతున్న వాడెవడో.

కిరాయిలు గిట్టడం లేదు, లోడు టైర్లు కొనలేకపోతున్నాం అంటున్నారు యజమానులు. ఆ ఇబ్బంది నిజమే. దానికి జనం ప్రాణాలు పెట్టమనడం మాత్రం కుదరదు.

2019 సవరణతో ఓవర్‌లోడుకు 20 వేల రూపాయల జరిమానా, పైపెచ్చు అదనపు టన్నుకు 2 వేలు. కానీ ఆర్‌సీలో రాసిన బరువుకు లోబడే ఉండి టైర్లు బలహీనంగా ఉన్న బండి కాటా మీద నిక్షేపంగా గట్టెక్కుతుంది. అలాంటి బండిని ఆపాల్సింది ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డెక్కడానికి తగినదేనని చెప్పే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఇచ్చే దగ్గరే. టైర్ల సైజు, ప్లై రేటింగు (పొరల బలం) గురించి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 95వ నిబంధన 1989 నుంచీ ఉంది. అంకె చూడకుండా ఒక్క బండికి ఎఫ్‌సీ ఇస్తే, ‘దానికి ఇచ్చారుగా, నా బండికేం?’ అని రెండోవాడు అడుగుతాడు. అడుగుతున్నారు కూడా. ఆటోనగర్‌లో టైరు మార్చేవాడికీ అదే ధీమా. ఇక 95వ నిబంధన పుస్తకంలో ఉండి ఎవరికి ఉపయోగం?

సంతకం పెట్టే ముందు ప్రతి టైరు అంకెనూ ఎఫ్‌సీ కాగితం మీద రాయాలి. తక్కువ అంకె ఉంటే బండిని వెనక్కి పంపాలి. వంగి చూస్తే రెండు నిమిషాల పని. ఆ పని కూడా చేయనివారికి ప్రజలు జీతమెందుకివ్వాలి?