అంతర్జాతీయ సంబంధాలు దూరవిద్యలో చదవడం దండగా?

ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: "అంతర్జాతీయ సంబంధాల్లో పీజీని దూరవిద్యలో చేయడం దండగ. రోజూ వార్తలు చూస్తే తెలిసేదే అందులో ఉంటుంది. పెద్ద లైబ్రరీ పక్కన లేకుండా థీసిస్ రాయలేరు. క్లాసులో చర్చ లేనిదే ఆ సబ్జెక్టు ఒంటబట్టదు. చివరికి ఆ డిగ్రీని ఎవరూ లెక్కచేయరు." ఉద్యోగం చేసుకుంటూ ఇదే పీజీని దూరవిద్యలో పూర్తి చేసినదాన్ని నేను. ఈ మాటలు నమ్మి ఎవరైనా దరఖాస్తు మానుకుంటారేమోనన్న బాధతో రాస్తున్నాను.

ముందు వార్తల సంగతి. వార్త నిన్న ఏం జరిగిందో చెబుతుంది. ఈ చదువు ఒక్కో మాట దగ్గర మనల్ని ఆపి కూర్చోబెడుతుంది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 242వ తీర్మానమే తీసుకోండి. 1967 జూన్‌లో ఇజ్రాయెల్‌కూ పొరుగు అరబ్ దేశాలకూ జరిగిన యుద్ధం తర్వాత, ఆ నవంబరులో వచ్చింది. ఆ యుద్ధంలో ఆక్రమించిన ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలంటుంది. అయితే తీర్మానం ఇంగ్లిష్ పాఠంలో 'టెరిటరీస్' (ప్రాంతాలు) ముందు 'ద' (the) లేదు, కాబట్టి 'కొన్ని ప్రాంతాల నుంచి' అని చదివేవాళ్లున్నారు. ఫ్రెంచ్ పాఠంలో 'దే' (des) ఉంది, దాన్ని 'ఆ ప్రాంతాలన్నిటి నుంచీ' అని చదివేవాళ్లున్నారు. అన్నిటి నుంచా, కొన్నిటి నుంచా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఆ రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ ఒక ఆదివారమంతా గడిపాను. నా అసైన్‌మెంట్ మార్జిన్‌లో ట్యూటర్ రాసింది ఒక్క ప్రశ్నే: "ఓటేసిన 15 దేశాలూ ఒకే అర్థంతో వేశాయని నీకెలా తెలుసు?" జవాబు కోసం ఆనాటి సమావేశం రికార్డు తీసి చదివాను. తమ దేశం ఆ తీర్మానాన్ని ఎలా అర్థం చేసుకుందో ప్రతినిధులు ఎవరికి వారే చెప్పుకున్నారు. అందరూ అనుకూలంగానే ఓటేశారు, అర్థం మాత్రం ఒక్కటి కాదు. ఏ వార్తలో దొరుకుతుంది ఇది?

ఆ రికార్డు కోసం నేను ఎక్కడికీ ప్రయాణం కట్టలేదు. ఐక్యరాజ్యసమితి పత్రాలు దాని డిజిటల్ లైబ్రరీలో ఉచితంగానే ఉన్నాయి. సభ్యదేశాలు చేసుకున్న ఒప్పందాలను నమోదు చేసి ప్రచురించాలని సమితి చార్టర్ 102వ అధికరణమే చెబుతుంది. అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పులూ అందరికీ అందుబాటులో ఉన్నాయి. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య పత్రాలను 1861 నుంచి సంపుటాలుగా వేస్తోంది, అవీ ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. డబ్బు కట్టాల్సిన జర్నల్స్‌కి యూనివర్సిటీ లాగిన్ ఇస్తుందో లేదో చేరేముందే అడగండి. స్కాన్ చేయని పాత ఫైళ్ల మీద థీసిస్ పెట్టుకుంటే మాత్రం నిజంగానే ఇబ్బంది. టాపిక్ ఎంచుకునేటప్పుడే ఆధారాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి.

చర్చ గురించి అన్నదాంట్లో కొంత నిజం ఉంది. క్లాసు అయ్యాక కారిడార్‌లో సాగే వాదనలు మాకు దొరకలేదు. కానీ మా చర్చలు రాతలో జరిగేవి. గొంతు పెద్దదైనవాళ్లది పైచేయి అయ్యేది కాదు. అన్న ప్రతి మాటకూ ఆధారం చూపాలి, పైగా వేరే దేశంలో కూర్చున్న సహాధ్యాయి మర్నాటికల్లా దాన్ని పరీక్షకు పెట్టేవాడు. అందుకే తొందరపడి ఏదీ రాసేదాన్ని కాదు.

ఇక డిగ్రీ విలువ. క్లాసుకు రాని విద్యార్థులు కూడా పరీక్ష రాసి డిగ్రీ పొందే వీలును లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే కల్పించింది. ఇది నిన్నామొన్నటి ప్రయోగం కాదు. అసలు చూడాల్సింది గుర్తింపు. ఆ సంస్థకూ, ఆ కోర్సుకూ, మీరు ఉద్యోగం చేయాలనుకునే దేశంలో చెల్లుబాటు ఉందా లేదా అని ఫీజు కట్టకముందే అక్కడి నియంత్రణ సంస్థను అడగండి. సమితిలో యువ అధికారుల ఎంపిక పరీక్ష రాయడానికి పీజీ అవసరమే లేదు, సంబంధిత సబ్జెక్టులో మొదటి డిగ్రీ ఉంటే చాలు. కాబట్టి పీజీ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెడుతుందని ఎవరైనా అంటే, రెగ్యులర్ అయినా దూరవిద్య అయినా, అది తప్పే.

ఆ మెసేజ్‌లో లేని అసలు కష్టం ఇంకొకటుంది. థీసిస్ రాసిన ఆరు నెలలూ నేను ఏ అధ్యాయంలో ఉన్నానో ఇంట్లో ఎవరికీ తెలియదు, అడిగేవాళ్లూ లేరు. నాలాగే చదువుతున్న ఒకామెతో ప్రతి శనివారం గంటసేపు ఫోన్‌లో మాట్లాడేదాన్ని. ఆ వారం రాసిన పేజీలు ఒకరికొకరం చదివి వినిపించుకునేవాళ్లం. చేరిన మొదటి నెలలోనే అలాంటి తోడును వెతుక్కోండి.