ఉచితంగా దొరికే లినక్స్‌కు లైసెన్సు రుసుమా?

విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) లినక్స్. అది నేర్చుకుందామని పాత ల్యాప్‌టాప్ పట్టుకెళ్లిన మా పక్కింటి డిగ్రీ అమ్మాయికి రిపేరు దుకాణంవాళ్లు ఇచ్చిన బిల్లు చూస్తే ఒళ్లు మండింది. "ఓఎస్ లైసెన్సు" అట! వేసిందేమో లినక్స్‌లో ఒక రకమైన మింట్. దానికి లైసెన్సు రుసుమే లేదు. ఎక్కించినందుకు కూలి అడగండి, ఎవరైనా ఇస్తారు. లేని ధర చెప్పి చదువుకునే పిల్లల దగ్గర గుంజడం ఏమి న్యాయం?

లినక్స్‌ను అమ్మకూడదని నేననను. దాన్ని వాడుకునే, పంచుకునే షరతులు చెప్పే జీపీఎల్ లైసెన్సే అమ్ముకోనిస్తుంది. లినక్స్ వ్యాపారం చేసే రెడ్ హ్యాట్ సంస్థకు కంపెనీలు కట్టేది ఏళ్ల తరబడి అందే మద్దతు కోసం. జోరిన్ అనే మరో లినక్స్ రకంలో డబ్బు కట్టే ప్రో కూర్పు కొంటే మరికొన్ని డెస్క్‌టాప్ రూపాలు, ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సాయం వస్తాయి. కొత్తవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. జోరిన్ కోర్, మింట్, ఉబుంటు, ఏదైనా చాలు, అన్నీ ఉచితమే. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు: వైఫై అందుతోందా, స్పీకరు పలుకుతోందా, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకుంటే అక్షరాలు సరిగా పడుతున్నాయా అని. ఇన్‌స్టాల్ చేసేదాకా హార్డ్ డిస్కులో ఉన్నది చెక్కుచెదరదు.

డబ్బు ఇవ్వాలనిపిస్తే కొన్నాళ్లు వాడాక, తయారుచేసినవాళ్లకే విరాళం పంపండి. ఆ దొంగ లైసెన్సు బిల్లులో ఒక్క రూపాయి కూడా వాళ్లకు చేరదు.