అమెజాన్ అడవి కింద బంగారం లాంటి నేల లేదు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. పదో తరగతి మిత్రుల గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, నిన్న పొద్దున మా చిన్నాన్న దగ్గర్నుంచి ఒకసారి. పైన "అమెజాన్ గురించి మీకు తెలియని ఏడు నిజాలు" అని ఉంటుంది, కింద "కనీసం పది మందికి పంపండి" అని ఉంటుంది. స్నేహితులు పంపినప్పుడు ఊరుకున్నాను. కానీ చిన్నాన్న పల్నాడులో నలభై ఏళ్లు మిరప, పత్తి పండించిన మనిషి. ఆయన కూడా నమ్మేసి "అంత మంచి నేలని ఉత్త అడవికి వదిలేశారేంట్రా" అని అడిగేసరికి ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

ఏడింటిలో ఐదు తప్పు. ఆ ఐదింటిలో ఒకటి ఊరికే తప్పు కాదు, ప్రమాదం. ఎక్కువ సేపు దాని దగ్గరే ఆగుతాను. మిగతావి త్వరగా తేల్చేద్దాం.

మొదటిది: "ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైన నది అమెజాన్." ఎక్కువ మంది ఒప్పుకునే లెక్క ప్రకారం నైలు సుమారు 6,650 కిలోమీటర్లు, అమెజాన్ సుమారు 6,400. కొండల్లో ఏ వాగును మూలంగా తీసుకుంటారన్న దాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి, దీని మీద గొడవ ఇంకా తెగలేదు. అసలు చెప్పుకోవలసింది పొడవు కాదు, నీళ్లు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద చూసినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర ఆ రోజు సుమారు 35 లక్షల క్యూసెక్కులు. అమెజాన్ ఏడాది పొడవునా సగటున సముద్రంలోకి వదిలేది 70 లక్షల క్యూసెక్కుల పైమాటే. వరద రోజుల లెక్క కాదిది, సగటు. ఇంత పెద్ద విషయాన్ని వదిలేసి ఆ మెసేజ్ రాసినవాళ్లు పొడవు పట్టుకుని కూర్చున్నారు.

రెండోది: "అమెజాన్ మీద ఒక్క వంతెన కూడా లేదు." అసలు నది వరకైతే దాదాపు నిజమే. 2011లో బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర కట్టిన మూడున్నర కిలోమీటర్ల వంతెన ఉపనది రియో నెగ్రో మీద ఉంది. ఒప్పుకుంటున్నాను, ముందుకు పోదాం.

మూడోది అందరికీ ఇష్టమైనది: "అమెజాన్ భూమికి ఊపిరితిత్తులు, మనం పీల్చే ఆక్సిజన్‌లో 20 శాతం అక్కడిదే." 2019 ఆగస్టులో అడవి తగలబడుతున్నప్పుడు ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ కూడా ఈ అంకెనే ట్వీట్ చేశారు. అంత పెద్దాయన చెప్పినా తప్పు తప్పే. చెట్టు పగలు ఆక్సిజన్ ఇస్తుంది. అదే చెట్టు రేయింబవళ్లు ఊపిరి పీల్చుకోవడానికి కొంత వాడుకుంటుంది. రాలిన ఆకుల్ని, పడిన మానుల్ని కుళ్లబెట్టే బూజులు, చెదలు, సూక్ష్మజీవులు మిగిలినదాన్ని దాదాపు మొత్తం తినేస్తాయి. ముదిరిన అడవిలో జమా, ఖర్చు ఇంచుమించు సమానం. మన గాలిలో ఉన్న 21 శాతం ఆక్సిజన్ కోట్ల ఏళ్లుగా పోగైన నిల్వ. చచ్చిన మొక్కలు, నాచు కుళ్లకుండా సముద్రాల అడుగున పూడుకుపోవడం వల్ల మిగిలింది. రేపు అమెజాన్ అంతా కాలిపోయినా మనకి ఊపిరాడకుండా పోదు.

మంచి పని కోసం చెప్పే అబద్ధమే కదా, పోనివ్వమని మా గ్రూపులో ఒకరన్నారు. నేను పోనివ్వను. ఈ అంకె తప్పని తెలిసిన రోజున అదే మనిషి "అయితే అడవి పోయినా నష్టం లేదన్నమాట" అంటాడు. అలా అనగా నేను విన్నాను. ఆ చెట్లలో, నేలలో పదివేల కోట్ల టన్నులకు పైగా కార్బన్ ఉంది. కాలితే అది గాలిలోకి వస్తుంది. దక్షిణ అమెరికాలో చాలా చోట్లకి వాన అందించేది ఆ అడవే. ఈ రెండు నిజాలు చాలవా?

నాలుగోది: "అక్కడ మనుషులే ఉండరు, మానవుడు అడుగుపెట్టని చోటు." మనౌస్ అడవి నడిబొడ్డున ఉన్న ఊరు. జనాభా 20 లక్షలు. 1896లోనే అక్కడ ఒపెరా హౌస్ కట్టారు. నది ముఖద్వారం దగ్గర బెలేమ్ ఇంకో మహానగరం. తొమ్మిది దేశాల్లో పరుచుకున్న ఆ ప్రాంతంలో మూడు కోట్ల మందికి పైగా ఉంటున్నారు, వాళ్లలో వందల ఆదివాసీ జాతులున్నాయి. 1542లో ఒరెల్లానా అనే స్పెయిన్ దేశస్థుడు నది వెంట సముద్రం దాకా వచ్చాడు. అతని వెంట ఉన్న మతగురువు కార్వహాల్ ఒడ్డున పెద్ద పెద్ద ఊళ్లు చూశామని రాశాడు. తర్వాత వచ్చినవాళ్లకి ఆ ఊళ్లు కనపడలేదు. యూరప్ నుంచి వచ్చిన మశూచి, తట్టు లాంటి రోగాలు జనాన్ని తుడిచిపెట్టాయి. కార్వహాల్ కట్టుకథలు రాశాడని చాలాకాలం కొట్టిపారేశారు. ఇప్పుడు విమానం నుంచి లేజర్ కిరణాలతో చెట్ల కిందున్న నేలని చూస్తుంటే ఈక్వడార్‌లోని ఉపానో లోయలో రెండున్నర వేల ఏళ్ల నాటి దిబ్బలు, తిన్నని రహదారులు, పొలాలు బయటపడ్డాయి. 2024 జనవరిలోనే ఆ వివరాలు అచ్చయ్యాయి.

"అక్కడ ఎవరూ లేరు" అన్న మాట ఉత్త అజ్ఞానం అనుకుంటే పొరపాటు. 1970లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం ఇదే మాటతో పని చేయించుకుంది. ఈశాన్య బ్రెజిల్‌లో కరువు వచ్చింది. అధ్యక్షుడు మెడీచి అడవిని అడ్డంగా చీలుస్తూ ట్రాన్స్ అమెజాన్ రహదారి మొదలుపెట్టించాడు. "మనుషులు లేని నేల, నేల లేని మనుషులకు" అన్నది నినాదం. అడవిలో అప్పటికే ఉన్న ఆదివాసులు ఆ నినాదంలో మనుషుల లెక్కలోకి రాలేదు. రోడ్డుతో పాటు వాళ్ల ఊళ్లలోకి రోగాలు వచ్చాయి. కరువు ప్రాంతం నుంచి తీసుకొచ్చిన పేద రైతులకు మనిషికి నూరు హెక్టార్లు ఇచ్చారు. నూరు హెక్టార్లంటే దాదాపు 250 ఎకరాలు! ఆ రైతుల్లో చాలామంది కొన్నేళ్లకే అవి వదిలేసి వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లిపోయారన్నదే ఐదో పాయింటుకి జవాబు.

ఐదోది, చిన్నాన్న నన్ను అడిగినది: "అమెజాన్ నేల ప్రపంచంలోనే అత్యంత సారవంతం. సాగు చేస్తే లోకానికంతా అన్నం పెట్టొచ్చు, వృథాగా వదిలేశారు."

చిన్నాన్నా, మీరు ఫోన్‌లో అడిగింది న్యాయమైన ప్రశ్నే. "సారం లేకపోతే మరి ఆ చెట్లు ఏం తిని అంత పెరిగాయిరా?" అన్నారు. పచ్చగా ఉన్నచోట నేల బలమైనదని మన అనుభవం చెబుతుంది. అక్కడ మాత్రం ఆ అనుభవం పనిచేయదు.

ఆ నేలల్లో ఎక్కువ భాగం ఎర్రవి, పసుపుపచ్చవి. ఉత్తరాన, దక్షిణాన ఉన్న రాతి పీఠాలు వంద కోట్ల ఏళ్లు దాటిన ముసలి రాళ్లు. వాటి నుంచి వచ్చిన మట్టి మీద ఏడాదికి రెండు మీటర్లకు పైగా వాన, పైన ఎండ, అదీ లక్షల ఏళ్లుగా. సున్నం, పొటాష్, మెగ్నీషియం ఎప్పుడో కడుక్కుపోయాయి. మిగిలింది ఇనుము, అల్యూమినియం. ఆ మట్టి పుల్లన. అందులో భాస్వరం ఉన్న కాస్తా ఇనుముకి అతుక్కుపోయి మొక్కకి అందదు. మీ రేగడి చేను పక్కన పెడితే అది నిరుపేద నేల.

మరి చెట్లు? ఆ అడవి ఆస్తి మట్టిలో లేదు, చెట్లలోనే ఉంది. ఆకు రాలుతుంది, ఆ వేడికి, తేమకి కొద్ది నెలల్లోనే కుళ్లుతుంది, పైపైనే చాపలా అల్లుకున్న వేళ్లు, వాటిని అంటిపెట్టుకున్న బూజులు ఆ సారాన్ని కిందికి దిగనివ్వకుండా పీల్చేసుకుంటాయి. మళ్లీ ఆకవుతుంది. మనకి తెలిసిన తెల్ల బూరుగు అక్కడి చెట్టే. అక్కడ అది యాభై మీటర్లు దాటి పెరుగుతుంది, మొదలు దగ్గర చెక్కపలకల్లా విచ్చుకున్న వేళ్ల ఆసరాతో నిలబడుతుంది. బయటికి కొట్టుకుపోయే కాస్త భాస్వరానికి కూడా బదులు సముద్రం దాటి రావాలి. ఆఫ్రికాలోని చాద్ దేశంలో ఎండిపోయిన ఒక పాత సరస్సు నుంచి లేచిన దుమ్ము అట్లాంటిక్ మీదుగా వచ్చి ఆ అడవి మీద పడుతుంది. ఉపగ్రహాల లెక్క ప్రకారం దాంతో ఏటా సుమారు 22 వేల టన్నుల భాస్వరం వస్తోంది. ఎడారి దుమ్ము కోసం ఎదురుచూసే నేలని ప్రపంచంలోకెల్లా సారవంతం అంటున్నారు!

ఇప్పుడు ఆ అడవిని కొట్టి తగలబెట్టారనుకోండి. మన కొండల్లో పోడు చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. బూడిద బలంతో మొదటి రెండేళ్లు పంట బ్రహ్మాండంగా వస్తుంది. మూడో ఏట తగ్గుతుంది, తర్వాత కలుపు తప్ప మిగలదు. పోడు రైతు అడవిలో చిన్న ముక్క కొట్టి, పండించుకుని, వదిలేసి, అడవి మళ్లీ పెరిగే దాకా ఆగుతాడు. ఆ పద్ధతికి అర్థం ఉంది. ట్రాన్స్ అమెజాన్ రైతుకి ఆ వెసులుబాటు లేదు, ఎరువు కొనే డబ్బూ లేదు. బ్రెజిల్‌లో కొట్టేసిన అడవిలో ఎక్కువ భాగం చివరికి పశువుల బీడుగా మారింది. అదీ కొన్నేళ్లకి గడ్డి సరిగా మొలవని బీడు. "అన్నం పెట్టొచ్చు" అని ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆ బీళ్ల ఫొటో ఒక్కటైనా చూశారా? 2004లో ఒక్క ఏడాదిలో బ్రెజిల్ అమెజాన్‌లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయింది. ఎవరికి అన్నం పెట్టింది అది?

మినహాయింపులు ఉన్నాయి, దాచను. పడమటి అంచున ఉన్న ఆండీస్ కొండల నుంచి ఒండ్రు మోసుకొచ్చే నదుల ఒడ్డున, ఏటా మునిగే లంకల్లో నేల బాగుంటుంది. అక్కడక్కడ నల్లమట్టి నేలలు కూడా ఉన్నాయి. అయితే అవి ప్రకృతి ఇచ్చినవి కావు. "ఎవరూ లేరు" అన్న ఆ మనుషులే వందల ఏళ్ల పాటు బొగ్గు, ఎముకలు, కుండపెంకులు, చెత్త కలిపి తయారు చేసుకున్న మట్టి అది. ఇప్పటికీ పండుతోంది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. అడవి దక్షిణపు అంచున మాటో గ్రోసో రాష్ట్రంలో సోయా విపరీతంగా పండుతోంది, అబద్ధం కాదు. టన్నుల కొద్దీ సున్నం, భాస్వరం పోస్తే ఆ నేల పలుకుతుంది. బ్రెజిల్ తాను వాడే ఎరువుల్లో ఐదింట నాలుగు వంతులు పైగా బయటి నుంచే కొనుక్కుంటోంది. అంటే పండించేది నేల సారం కాదు, సంచుల్లో వచ్చిన సారం. పైన పడే వాన మాత్రం అడవిదే.

అందుకే ఆరో పాయింటు నాకు ఇంకా కోపం తెప్పించింది: "అక్కడ ఏడాదంతా వాన, కరువన్న మాటే తెలియదు." ఇది రాసినవాళ్లు 2023లో ఒక్క వార్త కూడా చదవలేదా? ఆ అక్టోబరులో మనౌస్ దగ్గర రియో నెగ్రో మట్టం 12.70 మీటర్లకు పడిపోయింది. 1902 నుంచి కొలుస్తుంటే అంత తక్కువ ఎప్పుడూ లేదు. మరుసటి ఏడాది అంతకన్నా కిందికి దిగింది. పడవే బస్సు, పడవే అంబులెన్స్ అయిన ఊళ్లకి దారి తెగిపోయింది. తెఫే సరస్సులో నీళ్లు 39 డిగ్రీలకి వేడెక్కి 150కి పైగా నది డాల్ఫిన్లు చచ్చిపోయాయి. అంతకు రెండేళ్ల ముందు, 2021 జూన్‌లో, అదే మనౌస్‌లో మట్టం 30 మీటర్లు దాటి రికార్డు వరద.

వాన ఆకాశం నుంచి దానంతటది ఊడిపడదు. అట్లాంటిక్ నుంచి వచ్చిన మేఘం తూర్పున కురుస్తుంది. ఆ నీటిని చెట్లు వేళ్లతో తోడి ఆకుల నుంచి మళ్లీ ఆవిరిగా వదులుతాయి. ఒక పెద్ద చెట్టు రోజుకి వెయ్యి లీటర్ల దాకా వదలగలదు. ఆ ఆవిరి పడమటికి సాగి మళ్లీ వానవుతుంది. 1970లలో ఎనేయాస్ సలాటి అనే బ్రెజిల్ శాస్త్రవేత్త వాననీటిని పరీక్షించి, అక్కడి వానలో దాదాపు సగం ఇలా అడవే తిరిగి తిప్పుకున్నదని చూపించాడు. చివరికి ఆండీస్ గోడ తగిలి ఆ తేమ దక్షిణానికి మళ్లుతుంది. పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా, దక్షిణ బ్రెజిల్ పొలాల మీద కురిసేది అదే. సోయా కోసం అడవి కొట్టేవాడు తన చేను మీది మబ్బునే కొట్టేస్తున్నాడు. ఎరువు కొనుక్కోవచ్చు. మబ్బుని ఏ దుకాణంలో కొంటాడు?

ఏడోది: "ఒకప్పుడు అమెజాన్ వెనక్కి, తూర్పు నుంచి పడమరకి పారేది." ఇది చూడగానే తప్పని రాసేశాను. తర్వాత సరిచూసుకుని కొట్టేశాను, ఎందుకంటే ఇది నిజం. ఆండీస్ కొండలు ఇంత ఎత్తు లేవకముందు ఆ ప్రాంతంలో చాలా నీళ్లు పడమటి వైపు పోయేవి. నది నడిమి భాగంలోని పాత రాళ్లలో తూర్పున పుట్టిన ఖనిజ రేణువులు దొరికాయి. కొండలు పైకి లేస్తుంటే పడమట పెద్ద చిత్తడి ఏర్పడింది, ఆఖరికి సుమారు కోటి ఏళ్ల కిందట నీళ్లు తూర్పుకి దారి చేసుకున్నాయి. అక్కడి నేల ఎంత సమతలమంటే, సముద్రానికి 3,600 కిలోమీటర్ల దూరంలో, పెరూ దేశంలో ఉన్న ఇకిటోస్ నగరం దగ్గర కూడా ఎత్తు నూరు మీటర్లే. సముద్రపు ఓడలు అంత లోపలికి వెళ్తాయి.

చిన్నాన్నకి నిన్న రాత్రి ఇదంతా ఫోన్‌లోనే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ ఐదోది తీసేసి మిగతావి పంపమంటావా?" అన్నారు. మొదటిది, మూడోది, నాలుగోది, ఆరోది కూడా తీసేయండి చిన్నాన్నా, వంతెన సంగతి, నది వెనక్కి పారిన సంగతి పంపండి అన్నాను.