మహారాజశ్రీ సెనేటు బ్యాలెట్టు గారికి

మహారాజశ్రీ ఆస్ట్రేలియా సెనేటు, అనగా ఎగువ సభ, బ్యాలెట్ పత్రం గారి దివ్య సముఖమునకు,

మెల్‌బోర్న్ పడమటి కొసన ఉన్న వెర్రిబీ నుంచి, ఒకప్పటి నల్గొండ జిల్లా లెక్కల సారు, ప్రస్తుతం మనవడి స్కూలు బ్యాగు మోసే తాతయ్య నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. తమరు ఏ గోదాములో ఎన్ని మడతలు పడి ఉన్నారో గానీ, తమరూ క్షేమమనే తలుస్తాను. ఊరి పేరులోనే వెర్రి ఉందని మా చుట్టాలు నవ్వేవాళ్ళు. 2022లో మిమ్మల్ని మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాక, ఊరికి ఆ పేరు ఊరికే రాలేదని తెలిసింది.

ఆ రోజు మీ మనిషి నన్ను అడిగినవి మూడే మాటలు. పేరేంటి, ఎక్కడుంటారు, ఈ ఎన్నికలో ఇంతకు ముందే ఓటేశారా. అంతే! కార్డు లేదు, ఏజెంటు లేడు, "ఈయన మా వార్డు కాదు" అని అరిచేవాడు లేడు. వేసినవాడు వేశానని చెబుతాడా అని నాకు నవ్వొచ్చింది. అలవాటు కొద్దీ ఎడమ చేతి చూపుడువేలు చాపి నిలబడ్డాను, సిరా చుక్క కోసం. ఆమె ఒక్క క్షణం ఆలోచించి ఆ వేలు పట్టుకుని షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

తర్వాత మీరొచ్చారు. మీతో పాటు వచ్చిన ఆకుపచ్చ తమ్ముడు, దిగువ సభవాడు, జేబులో పట్టేంత బుద్ధిమంతుడు. మీరు అలా కాదు. అట్టముక్కలతో నిలబెట్టిన ఆ గూట్లో మిమ్మల్ని విప్పితే కుడి కొస పక్కావిడ గూట్లోకి వెళ్ళింది. మీ ఒంటి మీద అడ్డంగా ఒక గీత, పైన పార్టీల గళ్ళు, కింద అభ్యర్థుల గళ్ళు. గీత పైన అయితే ఇష్టం వరసలో కనీసం ఆరు గళ్ళకు అంకెలు వెయ్యాలి, గీత కింద అయితే కనీసం పన్నెండు. అవతలి గూట్లోంచి మా ఆవిడ గొంతు, తెలుగులో కాబట్టి ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో, హాలంతా వినిపించింది. "సారూ, ఇది మీ పరీక్ష పేపరే. ఏవైనా ఆరింటికి జవాబు రాయమన్నరు. పైవి రాయన్నా, కిందివి రాయన్నా?"

ముప్పై అయిదేళ్ళు పిల్లలకు నేను చేసిన పాపం, పండి మీ రూపంలో ఎదురొచ్చిందనుకున్నాను.

కోపంతో రాస్తున్నానని అనుకోకండి. మీ ఇంట్లో మర్యాదలు కొన్ని నాకు నచ్చాయి. మా జిల్లాలో ఓటెయ్యడానికి డబ్బిస్తారు. 2022 మునుగోడు ఉపఎన్నిక రోజుల్లో ఫోన్ చేసిన ప్రతి బంధువూ ముందు రేటు చెప్పి, తర్వాతే క్షేమం అడిగాడు. మీ దగ్గర ఓటెయ్యకపోతే డబ్బు తీసుకుంటారు, 20 డాలర్ల జరిమానా. 1924లో చట్టం తెచ్చారట. 1922లో నూటికి అరవై మంది కూడా రాని బూతులకు 1925లో తొంభై మందికి పైగా వచ్చారట. మా దగ్గర బిర్యానీ పొట్లం పార్టీవాళ్ళు ఇస్తే, ఇక్కడ బయట బడి పిల్లల తల్లిదండ్రులు రొట్టెముక్కలో సాసేజ్ చుట్టి మనకే అమ్ముతారు. దాని పేరు ప్రజాస్వామ్య సాసేజ్. నేను కొన్నాను. ఉల్లిపాయలు బాగున్నాయి. మిగతా దాని గురించి చెప్పను.

మీ వంశ చరిత్ర కూడా చదివాను, రిటైరైన వాడికి వేరే పనేముంది. 1999లో న్యూ సౌత్ వేల్స్ ఎగువ సభకు పుట్టిన మీ దాయాదిని జనం బల్లమీద గుడ్డ అన్నారు, 264 మంది అభ్యర్థులు. 2013లో అక్కడి మీ సొంత అన్నగారు 110 మందిని మోస్తూ మీటరు దాటి సాగితే, అక్షరాలు చదవడానికి ఓటర్లకు భూతద్దాలు ఇవ్వాల్సి వచ్చింది. అదే ఏడు మా విక్టోరియాలో, కారు ప్రియుల పార్టీ నుంచి రికీ మ్యూర్ అనే ఆయన, మొదటి ప్రాధాన్య ఓట్లు నూటికి అర మాత్రమే వచ్చి, మిగతాది చిల్లర పార్టీల ప్రాధాన్యాల చిల్లరంతా పోగై సెనేటుకు వెళ్ళాడు. ఎన్నికైన కొత్తలో ఆయన కంగారూ పేడ విసురుతున్న వీడియో ఒకటి బయటికొచ్చి దేశం నవ్వింది. కుర్చీలో కూర్చున్నాక బుద్ధిగానే పనిచేశాడని ఇక్కడివాళ్ళు అంటారు. పేడతో మొదలుపెట్టి మాటల్లోకి వచ్చాడు. మా వాళ్ళు చాలామంది మాటలతో మొదలుపెట్టి అటు వెళ్తారు. ఆ ఎన్నిక తర్వాత 2016లో చట్టం మార్చారు. నాకు దక్కిన ఈ ఆరూ పన్నెండూ ఆ మార్పు పుణ్యమే.

మీ మీద ఎవరి పేరు ఎక్కడుండాలో తేల్చేది కూడా కళ్ళకు గంతలు కట్టుకున్న అధికారి బంతులు తీసి. న్యాయమే. ఆ వరసలోనే పైనుంచి ఒకటీ రెండూ మూడూ వేసుకుంటూ పోతే దాన్ని గాడిద ఓటు అంటారు. ఈ దేశంలో గాడిదకు కనీసం పేరు పెట్టారు.

లెక్కల సారుగా నన్ను కట్టిపడేసింది మాత్రం మీ భిన్నాలు. గెలవాల్సిన కోటా కంటే ఒకాయనకు ఓట్లు ఎక్కువొస్తే, ఆ మిగులు తర్వాతి వాడికి పోతుంది, నా ఓటు విలువ ఒకటి కాస్తా సున్నా దశాంశం ఏదో అవుతుంది. మా తాత నాలుగెకరాలు మా నాయన దగ్గర ఎకరమై, నా దగ్గర పది గుంటలైనట్టు. వారాల తరబడి ఆ లెక్క నడుస్తుంది, పూచికపుల్లంత భిన్నాన్ని కూడా తేలిగ్గా వదలరు. ఇంత పట్టింపు ఉన్న దేశమే 2010 నుంచి 2018 లోపు నాలుగుసార్లు ప్రధానిని పార్టీ గదిలో తలుపులు వేసుకుని మార్చేసింది. వాళ్ళలో జూలియా గిలార్డ్ మా లేలర్ నియోజకవర్గం మనిషే. నా భిన్నాన్ని పదిలంగా దాచి, పూర్ణాంకాన్ని రాత్రికి రాత్రి లేపేశారన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాను. పొడవు విషయంలో మీరు నన్ను బెదిరించలేరు. మీకంటే లావుపాటి వాడిని నేను చేతులతో పంచాను.

1996, నల్గొండ పార్లమెంటు స్థానం. రెండో పోలింగ్ ఆఫీసరుగా నాకు డ్యూటీ. అభ్యర్థులు 480 మంది. కాగితం చాలక బ్యాలెట్టును పుస్తకంలా కుట్టారు, ఎన్నికే వాయిదా పడి తర్వాత జరిగింది. ఒక ముసలమ్మ దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి, "పట్టా పాసుబుక్కా సారూ? ఇన్నేండ్లకిచ్చిండ్రా?" అంది. నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను. ఆమె నడుము సగానికి వంగి ఉంది. మోకాళ్ళు దగ్గరకు రావు. మా మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు. పిల్లల పళ్ళు పసుపు, పెద్దల ఎముకలు కట్టె. మా ఆవిడ అమ్మగారిదీ అదే నడుము. ఆ 480 మందిలో ఎక్కువమంది గెలుద్దామని నిలబడలేదు, కనబడదామని నిలబడ్డారు. కృష్ణా నీళ్ళు ఇవ్వండయ్యా అన్న ఒక్క మాటను అన్ని పేర్లుగా అచ్చు వేయించారు. 477 మందికి డిపాజిట్లు పోయాయి. ఆ ఏడే ప్రభుత్వం పార్లమెంటు అభ్యర్థి డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. దాహమని చెబితే టికెట్టు ధర పెంచారు.

ఆ లావు పుస్తకంలో ఏ పేజీ తిప్పినా నీళ్ళే. మరి మీలో ఏముంది? ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాను, నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఒక్కటీ లేదు. ఆరోవాడుగా ఎవరిష్టమని అడుగుతారు. మొదటి బెంగ ఏమిటని అడగరు.

నా బెంగల్లో ముందుది సబ్‌మెరైన్లు. 2016లో ఫ్రాన్సు వాళ్ళ దగ్గర పన్నెండు బేరమాడారు. 2021 సెప్టెంబరులో ఆ బేరం తెగ్గొట్టి అమెరికా, బ్రిటన్‌లతో ఆకస్ అని కొత్త పొత్తు. తెగ్గొట్టినందుకు ఫ్రాన్సు కంపెనీకి 55.5 కోట్ల యూరోలు. మా వైపు బయానా పోగొట్టుకున్న వాడిని ఊళ్ళో తలెత్తుకోనివ్వరు. కొత్త బేరం మొత్తం 2050ల నాటికి 36,800 కోట్ల డాలర్ల దాకా తేలవచ్చని లెక్క. 2025 ఫిబ్రవరిలో మొదటి విడతగా 50 కోట్ల అమెరికా డాలర్లు ముట్టజెప్పారు. అమెరికా వాడి పాత సబ్‌మెరైన్లు 2030ల మొదట్లో రావడం మొదలవుతాయట, అదీ అప్పటికి వాడి అవసరానికి లోటు రాదనుకుంటేనే. ఇక్కడి రెండు పెద్ద పార్టీల్లో లేబర్‌ను ఒకటి పెట్టి లిబరల్‌ను ఆరు పెట్టినా, తిప్పి పెట్టినా, సబ్‌మెరైన్ రెండిళ్ళలోనూ పెద్దల్లుడే. కాదనే పార్టీలు మీలో లేవని కాదు, గ్రీన్స్ ఉన్నారు. నా భిన్నం వాళ్ళను తాకి వెళ్ళింది. సబ్‌మెరైన్‌కు మాత్రం తాకలేదు.

డబ్బు పుచ్చుకున్న ఆ అమెరికా పెద్దమనిషి ట్రంపే 2025 ఏప్రిల్ 2న ప్రపంచం మీద సుంకాల పట్టిక తీశాడు. అందులో ఆస్ట్రేలియాకు చెందిన హర్డ్, మెక్‌డొనాల్డ్ దీవులకు పది శాతం. అక్కడ మనుషులుండరు, పెంగ్విన్లుంటాయి. ఆ నెలంతా నేను వార్తలు వదల్లేదు. మే 3న ఎన్నిక. పెంగ్విన్లకు మీలో ఒక్క గడీ లేదు, కారు ప్రియులకు మాత్రం ఉండేది.

ఇంకోటి తువాలు. మీ పేరు మీదే చేసిన పని కాబట్టి మీరు వినాలి. సముద్రం పైకొచ్చి మునిగిపోతున్న చిన్న దీవుల దేశం, జనం మొత్తం పదకొండు వేలు. 2023లో ఆస్ట్రేలియా వాళ్ళతో ఒప్పందం చేసుకుంది, ఏడాదికి 280 మందికి వచ్చి ఉండే వీసా. ఎవరికన్నది లాటరీ. ఆ లాటరీని ఇక్కడ బ్యాలెట్ అంటారు! 2025లో మొదటిసారి తెరిస్తే, ఇంటిల్లిపాదినీ కలుపుకుని 8,000 మందికి పైగా పేరిచ్చుకున్నారు. అదే ఏడు ఎన్నికైన నెలలోనే, మే 28న, పడమటి తీరంలో గ్యాసు ప్లాంటు పనిని 2070 దాకా పొడిగించడానికి ప్రభుత్వం తలూపింది. లెక్కల సారును కదా, వేసి చూసుకున్నాను. 2070 నాటికి మా మనవడికి 54 ఏళ్ళు. తువాలు వయసు లెక్క కట్టలేదు, మనసు రాలేదు.

మీ మరో చిట్టి తమ్ముడి గురించి కూడా ఒక మాట. 2023 అక్టోబరు 14న, ఆదివాసులకు పార్లమెంటు ముందు ఒక గొంతు ఉండాలా అని రాజ్యాంగ సవరణకు ఓటు పెట్టారు. అరచేతంత కాగితం, ఒకే గడి. అవును, కాదు. టిక్కు పెడితే అవునుగా లెక్క, ఇంటూ పెడితే చెల్లదు అన్నారు. జీవితమంతా టిక్కులూ ఇంటూలూ పెట్టి బతికినవాణ్ణి, అక్షరాల్లో అవును అని రాశాను. నూటికి అరవై మంది కాదన్నారు, ఒక్క రాష్ట్రం కూడా అవుననలేదు. ఈ నేల మీద అరవైవేల ఏళ్ళుగా ఉన్నవాళ్ళకు ఒక్క గొంతు ఇవ్వడానికి ఒక్క గడి కాగితం సరిపోతుందనుకున్నారు, సరిపోకుండా పోయింది. మొన్నొచ్చిన వాణ్ణి, నేను మాత్రం ఆరు అంకెలేసి సెనేటును నిర్ణయిస్తున్నాను.

ఈ బాధలన్నీ సాయంత్రం పార్కు బెంచీ మీద చెప్పాను. మేం తొమ్మిది మందిమి, అందరం పిల్లల దగ్గరికొచ్చి చిక్కుకున్నవాళ్ళమే. నల్గొండ మంత్రం మళ్ళీ వేద్దామన్నాను. ఒక్కొక్క బెంగకు ఒక్కొక్కరం నిలబడదాం, మిమ్మల్ని మళ్ళీ బల్లమీద గుడ్డ చేద్దాం. గుంటూరు రిటైర్డ్ తహసీల్దారు గారికి పూనకం వచ్చింది, పెంగ్విన్లు తనకే కావాలన్నారు. విశాఖలో ఓడల పనిచేసి రిటైరైనాయన సబ్‌మెరైన్ల మీద నిలబడతానన్నారు. "ఓడ చెప్పిన తేదీకి ఎప్పుడొచ్చింది మాస్టారూ, నేను చూశాను కదా" అన్నారు. బొగ్గు గురించి కరీంనగర్ ఆయనకు చెప్పాల్సింది చాలా ఉందట, సింగరేణి అల్లుడు.

అప్పుడు నిబంధనలు చదివాను. పార్టీ లేనివాడికి వందమంది ఓటర్ల సంతకాలు కావాలి. తలకు 2,000 డాలర్ల డిపాజిట్టు, నూటికి నాలుగు ఓట్లు రాకపోతే గోవిందా. తహసీల్దారు గారు రూపాయల్లోకి మార్చి చూసుకుని, "ఒక్క పెంగ్విన్‌కు లక్ష దాటిందండీ" అన్నారు. అంతలో అసలు బెంచీ మీద ఓటున్నవాళ్ళెందరని ఎవరో అడిగారు. ఇద్దరం. మిగతా ఏడుగురూ విజిటర్ వీసాల మీద వచ్చి, పోయి, మళ్ళీ వచ్చేవాళ్ళు. ఓడలాయనకు వచ్చే మంగళవారమే తిరుగు ప్రయాణం.

ఇంకా రాయాల్సింది ఉంది గానీ, మూడు దాటింది. మూడున్నరకు బడి వదులుతారు, ఇవాళ వాడికి మూడంకెల కూడికల పరీక్ష. వచ్చే ఎన్నికకు వచ్చేటప్పుడు పెన్సిలు చెక్కించి తీసుకురండి, పోయినసారి మొద్దుబారి ఉంది. మూడు ఎనిమిదిలా పడింది, ఏ గడిలో అన్నది మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఇట్లు,
మీ గీతకు పైవాడా కిందివాడా ఇంకా తేల్చుకోని
వెర్రిబీ లెక్కల సారు